ఎగువకు ఎవరు లాగుతారు?

అమ్మలూ,

నీ నవల కాగితాలు అందాయి, చదివాను. బాగుందని ఒక్క ముక్క రాసి పంపితే నీకు ఒళ్లు మండుతుందని తెలుసు, అందుకే తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను. రెండు చందమామల ఆకాశం, కొండ కొమ్మున గాజుకోట, రాళ్లతో మాట్లాడే ముసలమ్మ... వాటి జోలికి నేను రాను. అది నీ లోకం, నీ ఇష్టం. కానీ ఆ లోకం నడుమ ఒక నదిని పారించి, దాని మీద సరుకు పడవలూ జనం ఎక్కే పడవలూ నడిపించావు చూడు, అక్కడ మాత్రం నోరు మూసుకుని ఉండలేను. లాకుల పక్క సర్కారు ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. లాకులు నడపడమే కదా మీ తాతయ్య ఉద్యోగం.

నీ పడవలు మరీ సుఖంగా బతుకుతున్నాయే! పట్నం రేవులో ధాన్యం ఎత్తుకుని కొండల దాకా వెళ్తాయి, అక్కడ ఇనుము ఎక్కించుకుని తిరిగొస్తాయి. పోను నాలుగు రోజులు, రాను నాలుగు రోజులు. దారిలో ఒక్కడికీ చెమట పట్టదు. నది ఒక వైపుకే పారుతుందన్న సంగతి నీ కథలో ఎవరికీ పట్టినట్టు లేదు. దిగువకు దింపడం నది చూసుకుంటుంది. ఎగువకు ఎక్కించడానికి మనిషో, గొడ్డో, గాలో, కట్టెలో కావాలి. ఆ పని ఎవరు చేస్తారు, దానికి ఎవరు డబ్బిస్తారు అన్నది తేల్చుకున్నావంటే నీ లోకంలో సగం ఊళ్లూ సగం తగాదాలూ వాటంతటవే పుట్టుకొస్తాయి.

దీన్ని మనుషులు ఎన్ని రకాలుగా తెముల్చుకున్నారో చూడు. కొందరు పడవను వెనక్కి తేవడమే మానేశారు. క్రీస్తుకు ముందు 5వ శతాబ్దంలో హెరొడోటస్ బాబిలోన్ గురించి రాస్తూ అక్కడి పడవల సంగతి చెప్పాడు. ఎగువన ఆర్మీనియాలో కొమ్మలు వంచి చట్రం కట్టి, దానికి తోళ్లు బిగించి, మన పుట్టిలాగా గుండ్రంగా పడవ చేసేవారట. లోపల గడ్డి పరిచి సరుకు వేసేవారు, ఎక్కువగా మద్యం పీపాలే. వాటితోపాటు ఒక గాడిదనూ ఎక్కించేవారు. బాబిలోన్ చేరాక సరుకు అమ్మి, చట్రం అమ్మి, గడ్డి కూడా అమ్మేసి, తోళ్లు మాత్రం గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి. ఆ ప్రవాహానికి ఎదురెక్కడం వాళ్ల తరం కాదు మరి. పడవలో గాడిద నిలబడి ప్రయాణం చేస్తోందంటే, నీ గాజుకోటలో అంతకన్నా వింత ఏముంది చెప్పు?

19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో ఒహాయో లోయ రైతులు చేసిందీ ఇదే. పలకలు కొట్టి చదునుగా పెద్ద పెట్టెలాంటి పడవ చేసి, పిండీ మొక్కజొన్నా పందిమాంసమూ వేసుకుని మిసిసిపీ మీద న్యూ ఆర్లియన్స్ దాకా కొట్టుకుపోయేవారు. అక్కడ సరుకుతోపాటు పడవనూ కలపగా అమ్మేసి, డబ్బు మూట నడుముకు కట్టుకుని నాచెజ్ బాట పట్టి కాలినడకన వచ్చేవారు. చేతిలో రొక్కం, చుట్టూ అడవి, దారి పొడుగునా దొంగలు. న్యూ ఆర్లియన్స్‌లో ఆ పడవ పలకలతో కట్టిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నీ పట్నంలో చెట్లు లేవని రాశావు కదా, మరి ఇళ్లన్నీ దేంతో కట్టారు? ఏ గోడ చూసినా పాత మేకుల బెజ్జాలు, ఎవరింటి తలుపు మీద చూసినా అరిగిపోయిన పడవ పేరు. రాజకుమారి గది పైకప్పులో వాన కురిసిన రాత్రి తారు వాసన. ఇవి నీకు ఊరికే దొరుకుతాయి, పడవ వెనక్కి రాదని ఒప్పుకుంటే చాలు.

గోదావరి మీద ఏజెన్సీ వెదురూ కలపా దిగేది కూడా అలాగే. సరుకే పడవ. తెప్పలుగా కట్టి వదిలితే రాజమండ్రి చేరాక కట్లు విప్పేయడమే.

నువ్వు గుండెలకు హత్తుకుని తిరిగే టోల్కీన్‌ను తీసుకో. 1937లో వచ్చిన 'ది హాబిట్'లో మరుగుజ్జులు పీపాల్లో దాక్కుని పారిపోయే ఘట్టం నీకు నోటికొచ్చు. అందులో పారిపోవడాన్ని కాసేపు పక్కనపెట్టి పీపాలను చూడు. నిండు పీపాలు సరస్సు ఊరి నుంచి ఏటికి ఎదురుగా, గెడలు వేసుకుంటూ తెడ్లు వేసుకుంటూ పైకొస్తాయి. ఖాళీ పీపాలను అడవిరాజు నౌకర్లు నేలమాళిగ తలుపులోంచి నీళ్లలోకి దొర్లించేస్తారు, అవే కొట్టుకుపోతాయి, దిగువన ఒకచోట పోగుచేసి తెప్పగా కడతారు. బరువు పైకి, ఖాళీ కిందికి. ఈ లెక్క ముందు కుదిరింది కాబట్టే పీపాలో మనిషి దూరే సందు ఆయనకు దొరికింది. అక్కడ మంత్రం లేదు, వర్తకం ఉంది.

ఇక వెనక్కి తేవాల్సిందే అన్న పడవల సంగతి. చైనాలో యాంగ్జీ కనుమల్లో వెదురు మోకులు భుజాన వేసుకుని మనుషులు పడవలను లాగేవారు. ఏళ్ల తరబడి ఆ తాళ్లు ఒరుసుకుని కొండ బండలకు లోతైన గాట్లు పడ్డాయి. రష్యాలో వోల్గా గట్టున పడవ లాగే కూలీల బృందాన్ని చిత్రకారుడు రేపిన్ బొమ్మగా వేసి 1873లో పూర్తిచేశాడు, చూసే ఉంటావు. మన డెల్టా కాలువల్లోనూ అంతే. గాలి కలిసొస్తే తెరచాప, లోతు తక్కువైతే గెడ, రెండూ లేకపోతే గట్టెక్కి మోకు లాగడం.

గెడ వేయడం నువ్వు దగ్గర నుంచి చూడలేదు కాబట్టి చెబుతాను, రాసుకో. మనిషి పడవ ముక్కు దగ్గర నిలబడి గెడను నీళ్లలోకి దించుతాడు. అడుగు నేల తగిలిందని చేతికి తెలుస్తుంది. అప్పుడు గెడ రెండో కొసను భుజం గుంటలో ఆనించుకుని, పడవ అంచు పలక మీద వెనక్కి, చుక్కాని వైపుకు నడుస్తాడు. మనకు అతను వెనక్కి నడుస్తున్నట్టుంటుంది, నిజానికి అతని కాళ్ల కింద పడవ ముందుకు జరుగుతోంది. చివరికంటా వచ్చాక గెడ పీకి, నీళ్లు కారుతుంటే భుజాన వేసుకుని మళ్లీ ముక్కు దగ్గరికి. ఇలా పొద్దస్తమానం. ఎగువకు పోయే పడవ మీద మనిషి నడిచే దూరం పడవ నడిచే దూరంకంటే ఎక్కువే ఉంటుంది. భుజం గుంటలో కాయ కాస్తుంది. నీ కథలో మారువేషంలో ఉన్న రాకుమారుణ్ణి పడవవాడు గుర్తుపట్టాలన్నావు. ముఖం చూసి ఎందుకు, భుజం చూసి గుర్తుపట్టమను.

ఇంత చాకిరీ చేసి పడవ మీదే ఎందుకు తేవాలి, బండి కట్టొచ్చుగా అంటావేమో. ఎడ్లబండి మీద ఒక టన్ను వేస్తే ఎడ్లు రొప్పుతాయి. ఇంగ్లండు కాలువల్లో ఒక్క గుర్రం గట్టు మీద నడుస్తూ 30 టన్నుల పడవను లాగేది. అందుకే తిండిగింజలు, ఉప్పు, ఇటుక, కొబ్బరి, కలపలాంటి బరువెక్కువ ధర తక్కువ సరుకులు నీళ్ల మీదే పోతాయి. నువ్వు ఇంకో పడవ నిండా రత్నాలు వేశావు. రత్నాలకు పడవెందుకే, జేబు చాలు. ఉప్పు వెయ్యి.

అందరికంటే అదృష్టవంతులు ఐగుప్తువాళ్లు. నైలు నది ఉత్తరానికి పారుతుంది, గాలి ఎక్కువగా ఉత్తరం నుంచి వీస్తుంది. దిగువకు పోతే ప్రవాహం, ఎగువకు పోతే తెరచాప. ఆ దేశం అంత పొడుగ్గా ఒక్క రాజు కింద నిలబడిందంటే ఈ గాలి వాటా కొంత ఉందని నా గట్టి నమ్మకం. నీ నది ఎటు పారుతుందో, గాలి ఎటు వీస్తుందో పటం మీద రెండు బాణాలు వేసుకో. రెండూ ఒకే దిక్కైతే ఎగువనున్న నీ కొండరాజ్యం పేదరాజ్యం. ఎదురెదురైతే ఇద్దరూ ధనికులే.

నీ రెండు చందమామల దగ్గరికి వస్తాను. వాటి జోలికి రానన్నాను గానీ, నది సముద్రంలో కలిసేచోట వాటిని వదలడం కుదరదు. మన కోనసీమ పాయల్లో పోటూ పాటూ ఉంటాయని నీకు తెలుసు. పోటు వచ్చినప్పుడు నీరు ఎదురు తిరిగి ఎగువకు ఎక్కుతుంది. పడవవాడికి అది దేవుడిచ్చిన కూలీ. పోటు కోసం రేవులో కాచుకుని, అది ఎక్కగానే తాడు విప్పి, దాంతోపాటే పైకి పోయి, పాటు మొదలయ్యేసరికి ఎక్కడో లంగరు వేసేస్తాడు. ఆ పోటు రోజూ ఒకే వేళకు రాదు, దాదాపు యాభై నిమిషాలు జరుగుతుంది. కాబట్టి పడవ బయల్దేరే వేళా రోజురోజుకీ జరుగుతుంది. ఇవాళ తెల్లవారుజామున పోయే పడవ వారం తిరిగేసరికి మిట్టమధ్యాహ్నం పోతుంది. ఇదంతా ఒక్క చంద్రుడితో. నీకు ఇద్దరున్నారు. ఒకడు నెమ్మదిగా, ఒకడు తొందరగా తిరుగుతారని నువ్వే రాశావు. అంటే ఇద్దరూ కలిసిన అమావాస్యకు పోటు ఊళ్ల మీదికి వస్తుంది, ఇద్దరూ ఆకాశంలో ఒకరికొకరు మూలమట్టంగా ఉన్న రోజున నీరు అంతగా కదలదు. ఆ లెక్క కట్టగలిగినవాడే రేవుకు పెద్ద. నీ పంచాంగకర్త రాజు కొలువులో ఎందుకు కూర్చున్నాడు? వాడు రేవులో ఉండాలి, సరుకు ఆసాములు వాడికి మామూళ్లు ముట్టజెప్పాలి. వాడు ఒక్కరోజు తప్పుడు లెక్క చెప్పాడంటే నీ మూడో అధ్యాయంలో యుద్ధం అక్కర్లేదు, ఉప్పు పడవలన్నీ బురదలో కూర్చుంటాయి.

కాలం సంగతి కూడా చూసుకో. నీ నదిలో ఏడాది పొడుగునా ఒకటే నీరు. గోదావరి వేసవిలో ఇసుక మేటలు బయటేసుకుని పాయలుగా చీలిపోతుంది, నిరుడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు మోకాలి బంటి. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు తిరిగితే సరంగుకు కూడా గుండె జారుతుంది. పాపికొండల దారిలో 2019 సెప్టెంబరులో వరద నీటి మీద వెళ్లిన పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర మునిగి ఎంతమంది పోయారో నువ్వెరుగుదువు. మిసిసిపీ మీద స్టీమరు నడపడానికి మార్క్ ట్వేన్ నదిని బట్టీపట్టి 1859లో లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ నదేమో ఒడ్డు కోసుకుంటూ దారి మార్చుకుంటూ ఉండేది, బట్టీపట్టింది మళ్లీ పట్టాల్సిందే. నీ సరంగు చేతిలో నువ్వు పటం పెట్టావు. తీసెయ్. వాడి ముసలితనమే పటం.

లాకులు నీ కథలో ఉన్నాయి, చాలా సంతోషం. కానీ నీ వీరుడు తలుపులను కత్తితో తెరిచాడు! లాకు తలుపులు ప్రవాహానికి ఎదురుగా కోణంలా కలుసుకుంటాయి. నీటి ఒత్తిడే వాటిని మూసి పట్టుకుంటుంది. అటూ ఇటూ నీరు సమమయ్యేదాకా ఊరంతా కలిసి తోసినా కదలవు, సమమయ్యాక ఇద్దరు చాలు. పడవ తొట్టిలోకి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు, ముందు తలుపుల్లోని చిన్న షట్టరు ఎత్తుతారు. నీరు గొణుగుతూ దిగుతుంది. పడవలో కూర్చున్నవాడికి తాను దిగుతున్నట్టు తెలియదు, పక్కన పాచిపట్టిన తడిగోడ పైకి లేస్తున్నట్టుంటుంది. ఆ కాసేపూ ఎవరెంత గొప్పవాడైనా లాకు మనిషి చేతిలోనే ఉంటాడు. మీ తాతయ్య ముందు పెద్ద పెద్ద ఆసాములు చేతులు కట్టుకుని నిలబడటం నా చిన్నతనంలో చూశాను, ఆయన జీతం ఎంతో నాకు తెలుసు. నీ సైన్యాన్ని ఆపాలంటే కోట అక్కర్లేదు. తలుపులు తెరవనని భీష్మించుకున్న ఒక గుమాస్తా చాలు.

ఇంకో మాట, కాలువ పడవవాడిది కాదు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర కట్టించినప్పుడు కాలువలు సాగుకూ పడవలకూ కలిపి తవ్వించారు. కానీ నీళ్లు ఎప్పుడు వదలాలో చెప్పేది సాగు. ఎండాకాలం కాలువ కట్టేశారంటే పడవ గట్టున పడాల్సిందే. అప్పుడే సందుల్లో నార కూరి, గుగ్గిలం పూసి, మరమ్మతులు చేసుకునేవాళ్లు. రైతుకు తడి కావాలి, పడవకు లోతు కావాలి. ఇద్దరి మధ్య నీ రాజుకు తీర్పు చెప్పే పని పెట్టు, వాడు ఊరికే సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు.

జనం పడవల్లో నువ్వు ఒక్కొక్కరికీ గదిచ్చావు, పట్టుపరుపు వేశావు. జనం సరుకు మీదే కూర్చుంటారమ్మా. బస్తాల మీద ముసలమ్మలు, బెల్లం బుట్టల పక్కన చంటిపిల్లలు, చివర ఇసుక పోసిన పళ్లెంలో పొయ్యి, దాని మీద పడవవాళ్ల అన్నం. ఓ మూల నీళ్లు తోడే కుర్రాడు. ఎంత మంచి పడవైనా ఊరుతుంది, తోడే చెయ్యి ఆగకూడదు. వాడికి అందరి మాటలూ వినపడతాయి, వాడి ఉనికి ఎవరికీ పట్టదు. నీ కథ వాడి నోట చెప్పించొచ్చేమో ఆలోచించు. ప్రయాణం రోజుల తరబడి సాగుతుంది కాబట్టి రాత్రి మజిలీలు తప్పవు. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీకి నడిపించిన గురుశిష్యుల చేత మజిలీకో కథ చెప్పించారు. నీ పడవకూ మజిలీలున్నాయి, నువ్వు వాటిని నిద్రకు వాడేశావు.

పడవలోనే పుట్టి పడవలోనే పెళ్లాడే జనాన్ని చూడాలంటే ఫిలిప్ పుల్‌మన్ 1995లో రాసిన 'నార్తర్న్ లైట్స్' మళ్లీ తీయి. అందులో కాలువ పడవల జిప్షియన్లకు పడవే ఇల్లు, పడవే కులం, పడవే పరువు. 'బాహుబలి' సినిమాలోని హంసనావ సంగతంటావా, అది ఎగిరిపోయింది. ఎగిరే నావకు ఎగువా దిగువా లేదు, దాని గురించి నేను చెప్పేదీ లేదు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. మంత్రంతో పడవ నడిపించొచ్చా అన్నావు. నడిపించు. కానీ అది మా కాలువల మీదికి రైలు వచ్చినట్టు వస్తుందని గుర్తుపెట్టుకో. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైలు వంతెన తెరిచారు, 1974లో రోడ్డు కం రైలు వంతెన వచ్చింది. ఈలోగా లారీలూ వచ్చాయి. మోకు లాగేవాళ్లకు పని పోయింది, తెరచాప కుట్టేవాడికి పోయింది, మజిలీ ఊళ్లలో పూటకూళ్లమ్మకు పోయింది. నీ మంత్రగాడు గాలి పుట్టించి ఎగువకు పడవ నడిపించిన మర్నాడు ఆ గట్టున ఎంతమంది కడుపు కొట్టాడో రాయకపోతే మంత్రం బొమ్మలా ఉంటుంది.

పైగా ఆ మంత్రానికి మేత కావాలి. స్టీమర్లు కట్టెలు మేసేవి, అందుకే మిసిసిపీ ఒడ్డున కట్టెల రేవులు వెలిశాయి. 1865 ఏప్రిల్‌లో మెంఫిస్ దగ్గర 'సుల్తానా' అనే స్టీమరు బాయిలర్లు పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 376 మంది ఎక్కాల్సినదాంట్లో రెండువేలకు పైగా ఎక్కారు. ఎక్కినవాళ్లలో చాలామంది అంతర్యుద్ధం ముగిసి చెర వీడి ఇళ్లకు పోతున్న సైనికులు. తలకింతని ప్రభుత్వం సొమ్మిస్తుందని కుక్కేశారు, కారుతున్న బాయిలరుకు హడావిడిగా అతుకేసి బయల్దేరారు. నీ పడవ మునగాల్సి వస్తే రాక్షసిచేపను పిలవకు. తలకింతని బేరం పెట్టు.

చివరగా నీ కథలోని దొంగల ముఠా. నది మీద దోచుకోవడానికి గుహలో దాక్కోనక్కర్లేదు. మన దగ్గర రేవు పాట ఎలా జరుగుతుందో తెలుసుగా? ఏడాదికి రేవును పాడుకున్నవాడు దాటించే ప్రతి మనిషి దగ్గరా, మేక దగ్గరా, సైకిలు దగ్గరా కేవు వసూలు చేసుకుంటాడు. పోటీ పడవ వేస్తే ఊరుకోడు, వంతెన కడతామంటే అసలే ఊరుకోడు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినప్పుడు టికెట్టు కొట్టే మనిషి పక్కన ఓ గంట నిలబడు, నీకు కావలసిన ప్రతినాయకుడి లెక్కలన్నీ అక్కడే తెలుస్తాయి.

పటం మళ్లీ గీసి పంపు. ఊరికీ ఊరికీ మధ్య మైళ్లు వద్దు, రోజులు రాయి. దిగువకు ఎన్నో, ఎగువకు ఎన్నో విడివిడిగా రాయి. వరద రోజులకు వేరే రంగు వాడు. సంక్రాంతికి వస్తున్నావని అత్తయ్య అప్పుడే పిండివంటల లెక్కలేస్తోంది, రానంటే నాకు చెప్పకు, ఆవిడకే ఫోను చేసుకో.

ఇట్లు,
మీ మావయ్య